డెల్టా గాలిని నాచుతో కొలవాలంటే ముందు డెల్టా మట్టి లెక్క తేలాలి

గోదావరి డెల్టాలో ఏ ఊరికెళ్లినా గాలి మీద ఒక ఫిర్యాదు వినిపిస్తుంది. రైసు మిల్లులున్న చోట డాబా మీద ఆరేసిన బట్టలకి నల్లటి నుసి అంటుకుంటుంది. ఇటుక బట్టీల పక్కన చలికాలం పొద్దున్నే పొగ నేలబారుగా పరుచుకుని ఉంటుంది. తీరం వైపు చమురు, గ్యాసు బావుల మంటలు. కాకినాడ పోర్టు రోడ్డులో దుమ్ము లారీలదా, బొగ్గుదా, ఎరువులదా, ఓడలదా అని అడిగితే నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. అనుమానాలకి లోటు లేదు. వాటిలో ఏది నిజమో తేల్చే కొలతే లేదు.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో రాజమహేంద్రవరం, ఏలూరు ఉన్నాయి. రాజమహేంద్రవరంలో గాలిని నిరంతరం కొలిచే కేంద్రమూ ఉంది. దాని అంకె ఆ చుట్టుపక్కలకి సరిపోతుంది కానీ అమలాపురానికో రాజోలుకో భీమవరానికో దాన్ని అంటగట్టలేం. పైగా గాలిలో సన్నటి ధూళి ఎంతుందో చెప్పే అంకె, ఆ ధూళి ఏ పొయ్యిలోంచి వచ్చిందో చెప్పదు. ఈ ఖాళీని తక్కువ ఖర్చుతో పూడ్చగలిగిన పద్ధతి నాచు సంచి, అంటే వల సంచిలో నాచు కట్టి గాలిలో వేలాడదీసి, దానికి పట్టిన లోహాల్ని కొలవడం అని నా గట్టి నమ్మకం. అయితే యూరప్ పుస్తకాల్లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెచ్చి ఇక్కడ పెడితే, కాలుష్యం లేని చోట ఉందనీ, ఒకరి తప్పు ఇంకొకరిదనీ తేలుతుంది. అలా జరగడానికి అన్నిటికంటే పెద్ద కారణం మన కాళ్ల కింద మట్టి. అక్కడికి రావడానికి ముందు కొంత నేపథ్యం కావాలి.

నాచుకి వేరు ఉండదు. అడుగున సన్నటి పోగులుంటాయి కానీ అవి పట్టు కోసమే, నేలలోంచి నీళ్లూ ఖనిజాలూ తోడడానికి కాదు. ఆకు మీద చెప్పుకోదగ్గ మైనపు పొర ఉండదు. చాలా జాతుల్లో ఆకు మందం ఒకే ఒక్క కణం. వాన, మంచు, దుమ్ము ఏది తెస్తే దానిమీదే బతుకుతుంది. దాని కణపు గోడల్లో పెక్టిన్ తరహా ఆమ్లాలుంటాయి. ఆ ఆమ్లాల ఋణావేశం దగ్గర లోహపు అయాన్లు అతుక్కుంటాయి, ధూళి రేణువులు ఆకుల సందుల్లో చిక్కుకుంటాయి. అన్ని లోహాలూ ఒకే పట్టుతో నిలవవు. రాగి, సీసం గట్టిగా పట్టుకుంటాయి. వాటి తర్వాత నికెల్, ఆ తర్వాత కోబాల్ట్, చివర జింకు, మాంగనీసు. ఈ వరసని చేతిలో పెట్టుకునే ఫలితాలు చదవాలి. భారీ వాన తర్వాత జింకు తగ్గిందంటే గాలి బాగుపడిందని అర్థం కాకపోవచ్చు. సముద్రం దగ్గర ఉప్పుగాలిలోని సోడియం, మెగ్నీషియం కూడా ఆ స్థానాల కోసమే పోటీపడి, వదులుగా ఉన్నవాటిని నెట్టేస్తాయి.

ఈ సంగతిని సర్వేగా మలిచింది 1960ల చివర్లో స్వీడన్‌లో ఓకే ర్యూలింగ్, జెర్ముండ్ టైలర్. 1990 నుంచి యూరప్ దేశాలు ఐదేళ్లకోసారి వేల చోట్ల అడవి నాచు సేకరించి లోహాల పటాలు గీస్తున్నాయి. పెద్ద రోడ్లకీ ఊళ్లకీ కనీసం 300 మీటర్లు, చిన్న రోడ్లకీ ఇళ్లకీ 100 మీటర్లు ఎడంగా, చెట్ల కొమ్మల కింద కాకుండా, 50 మీటర్ల చదరంలో ఐదు నుంచి పది చోట్ల తీసి కలపడం, చివరి మూడేళ్ల పెరుగుదల మాత్రమే వాడడం, కడగకుండా 40 డిగ్రీల్లో ఆరబెట్టడం వాళ్ల నియమాలు. దూరం నుంచి వచ్చి పడే కాలుష్యాన్ని చూడడానికి పెట్టుకున్న నియమాలివి. పక్క వీధిలోని పొగగొట్టాన్ని పట్టడం దీని ఉద్దేశం కాదు.

పక్క వీధి కథ అమెరికాలో పోర్ట్‌లండ్ నగరానిది. 2013లో అక్కడి అటవీ శాఖ శాస్త్రవేత్తలు నగరంలోని చెట్ల మీద పెరిగే ఒక నాచుని 346 నమూనాలుగా తీసి కాడ్మియం పటం గీశారు. రంగు గాజు తయారీ జరిగే చోట పటం ఎర్రబడింది. పటాన్ని సాక్ష్యంగా పెట్టి ఎవరినీ శిక్షించలేదు. అది చూపించిన చోట 2015 అక్టోబరులో గాలి యంత్రం పెట్టారు. ఆ యంత్రంలో కాడ్మియం ఆ రాష్ట్రపు ప్రమాణ స్థాయికి 49 రెట్లు, ఆర్సెనిక్ 159 రెట్లు వచ్చాయి. అంతకుముందు నగరంలో యంత్రాలు లేక కాదు, అవి ఆ వీధిలో లేవు. ఖరీదైన యంత్రాన్ని ఎక్కడ దించాలో నాచు చెప్పింది. మన డెల్టాకి కావలసింది అచ్చంగా ఇదే.

ఇక్కడి ఇబ్బంది ఏమిటంటే, యూరప్ అడవుల్లో తివాచీలా పరుచుకునే ఆ జాతులు మనకి లేవు. మనకున్నది పిట్టగోడల మీద, పాత సున్నపు గోడల మీద, తూముల అంచుల్లో, కొబ్బరి మాను మీద పెరిగేది. ముందు అసలు నాచేదో గుర్తుపట్టాలి: రేవు మెట్ల మీద కాలు జారే పాచి వేరు, వానాకాలం గోడ మీద పొట్టి కుచ్చుల్లా లేచే నాచు వేరు. చేత్తో గిల్లితే చిన్న కాండం, దాని చుట్టూ ఆకులు కనబడాలి. గోడ నాచులో హయోఫిలా, బ్రయమ్, బార్బ్యులా లాంటి జాతులు కలిసిమెలిసి ఉంటాయి. కింద సిమెంటు, సున్నం. గోడ రంగు పెచ్చులూడితే ఆ రంగులోని లోహం కూడా దానిలోనే చేరుతుంది. వేసవిలో ఎండి నిద్రపోతుంది, జూన్‌లో లేస్తుంది. దాని వయసు ఎవరికీ తెలియదు. వయసు తెలియని నాచులో ఎంత లోహం ఉందన్నది ఎన్నాళ్ల లెక్కో ఎవరు చెప్పాలి?

కొబ్బరి మాను మీద తెల్లగా పాలిపోయినట్టుండే ఆక్టోబ్లెఫారమ్ అనే నాచు ఉష్ణమండల తీరాల్లో మామూలే. దాని ఆకు అనేక కణాల మందం, కాబట్టి మిగతావాటితో కలిపి పోల్చకూడదు. మాను వెంట జారే వాన నీరు పైనున్న మట్టల దుమ్మునంతా దాని మీదకే దించుతుంది. మొవ్వుకుళ్లు తెగులుకి తోటల్లో బోర్డో మిశ్రమం వాడతారు. అందులో ఉన్నది మైలుతుత్తం, అంటే రాగి. కోనసీమ కొబ్బరి తోటలో నాచు తీసి రాగి ఎక్కువుందని ఫ్యాక్టరీ వైపు వేలు చూపిస్తే ఆ వాదన ఒక్క పూట కూడా నిలవదు.

కాబట్టి మనకి తగింది, శుభ్రం చేసిన నాచుని వల సంచుల్లో కట్టి, కావలసిన చోట, కావలసినన్నాళ్లు వేలాడదీసే పద్ధతి. ఇది 1971 నాటికే బ్రిటన్‌లో మొదలైంది. దీనికి వాడే స్పాగ్నమ్ నాచు మనకి కొత్త సరుకు కాదు. కడియం, కడియపులంక నర్సరీల్లో గాలి అంట్లు కట్టేటప్పుడు కొమ్మ చుట్టూ తడిపి చుట్టేది అదే. అమ్మే మూటలో మాత్రం అన్నిసార్లూ అసలు స్పాగ్నమ్ ఉండదు, ఇతర అడవి నాచులు కలుస్తాయి. అసలుదానికి తల దగ్గర పొట్టి కొమ్మలు నక్షత్రంలా గుత్తికట్టి ఉంటాయి, ఎండితే లేత గడ్డి రంగులో ఉంటుంది, తడిపితే తన బరువుకి పదిహేను, ఇరవై రెట్ల నీళ్లు పట్టుకుంటుంది. అడవిలోంచి పీకుతూ పోతే తరిగిపోయే సరుకు కాబట్టి, సాగుచేసింది దొరికితే దాన్నే కొనాలి. ఏది కొన్నా సర్వే మొత్తానికి ఒకే మూట, ఒకే దఫా. మధ్యలో ఇంకో మూట విప్పితే పోలిక అక్కడితో ఆఖరు.

ఎంత కావాలో లెక్క వేద్దాం. నలభై చోట్లు, చోటుకి నాలుగు సంచులు, సంచికి 3 గ్రాముల పొడి నాచు: 480 గ్రాములు. ఎక్కడా వేలాడదీయకుండా పోలిక కోసం ఉంచే సంచులు పన్నెండు, ఇంకో 36 గ్రాములు. పుల్లలు, మట్టి, ముదురు భాగాలు ఏరి, చివరి రెండు మూడు సెంటీమీటర్ల లేత కొసలే తీసుకుంటే సగం పైన చెత్తబుట్టకే పోతుంది. అందుకని కిలోన్నర కొనడం మంచిది.

కడగడానికి 10 గ్రాములకి లీటరు డిస్టిల్డ్ నీళ్లు, ఇరవై నిమిషాలు కలియతిప్పడం. ఒకసారి ఉత్త నీళ్లలో, ఒకసారి ఈడీటీఏ (లోహాల్ని పట్టుకునే రసాయనం) ద్రావణంలో, మళ్లీ మూడుసార్లు ఉత్త నీళ్లలో. ఈడీటీఏ గాఢత 10 మిల్లీమోలార్. దుకాణాల్లో దొరికే డైసోడియం లవణమైతే లీటరుకి 3.72 గ్రాములు. పాత లోహాలని లాగేసి, అతుక్కునే స్థానాలని ఖాళీ చేయడం దీని పని. దీన్ని వదిలేస్తే నాచు పుట్టిన కొండల లెక్క మన గాలి లెక్కలో కలుస్తుంది. చివరి మూడు కడుగుళ్లు తక్కువైతే మిగిలిపోయిన ఈడీటీఏ, గాలిలోంచి వచ్చిన లోహాన్ని పట్టుకుని వాన నీటితోపాటు కిందికి దించేస్తుంది. మొత్తం ఐదు దఫాలకి 260 లీటర్ల దాకా నీళ్లవుతాయి. ఈ నీళ్ల దగ్గరే ఎక్కువమంది కక్కుర్తి పడతారు. బ్యాటరీల కోసం అమ్మే డబ్బాల నీళ్లని పరీక్షించకుండా వాడొద్దు.

తర్వాత ఓవెన్‌లో 50, 80, 100 డిగ్రీల్లో ఎనిమిదేసి గంటలు. దీంతో నాచు చచ్చిపోతుంది, చావాలి కూడా. బతికి ఉంటే ఒక చోట నీడలో పెరుగుతుంది, ఇంకో చోట ఎండకి మాడిపోతుంది. పెరిగిన చోట లోహం పలచబడినట్టు కనిపిస్తుంది. చచ్చిన నాచు అన్నిచోట్లా ఒకేలా ప్రవర్తిస్తుంది. ఒకేసారి 100కి పెంచకపోవడానికి కారణం, హఠాత్తు వేడికి అది పెళుసుబారి, వేలాడుతుండగా పొడిపొడిగా రాలిపోతుంది.

వలకి మనకి ఊళ్లోనే మంచి సరుకుంది. చేపపిల్లల్ని పెంచే హాపా వల, కన్ను 2 మిల్లీమీటర్లు. ఒక్క జాగ్రత్త: నీలం, ఆకుపచ్చ వలలు వద్దు. ఆ రంగుల్లో ఎక్కువగా వాడే థాలోసయనిన్ రాగి సమ్మేళనం. తెల్లది తీసుకుని, పలచటి నైట్రిక్ ఆమ్లంలో రాత్రంతా నానబెట్టి కడగాలి. సుమారు 10 సెంటీమీటర్ల గుండ్రటి సంచి, అందులో నాచు వదులుగా ఉండాలి. కుక్కితే లోపలి నాచు గాలి ముఖం చూడదు. నైలాన్ దారంతోనే కట్టాలి. ఇనప తీగ, స్టాప్లర్ పిన్ను, జింకు పూసిన జీఐ గొట్టం, కరెంటు స్తంభం దరిచేరకూడదు. పౌడరు పూసిన లేటెక్స్ గ్లవ్‌లూ పనికిరావు, రబ్బరు తయారీలో జింక్ ఆక్సైడ్ కలుపుతారు. జింకు ఎక్కువొచ్చిన చాలా ఫలితాల వెనక ఇలాంటి తీగలూ రేకులే ఉంటాయని నా అనుమానం.

ఎత్తు 4 మీటర్లు. పచ్చి వెదురు గడ ఇందుకు చక్కగా సరిపోతుంది. చెట్టు కొమ్మ కింద, రేకు చూరు కింద, సిమెంటు రేకుల ఇంటి గోడకి ఆనించి కట్టకూడదు. నాలుగు సంచుల్ని ఒకదానికొకటి తగలకుండా కట్టాలి. ఒకటి పక్షులు చింపేస్తాయనో గాలికి తెగిపోతుందనో అనుకుని నాలుగు పెడుతున్నాం. మూడు చేతికొస్తే చాలు. రెండే మిగిలితే ఆ చోటుని లెక్కలోంచి తీసేయాలి. అనుమానమున్న చోటు చుట్టూ గాలివాలున 100, 250, 500 మీటర్లు, 1, 2, 4 కిలోమీటర్ల దగ్గర పెట్టి, గాలికి ఎదురు దిక్కున కూడా అవే దూరాల్లో పెట్టాలి. డెల్టా పళ్లెంలా చదునుగా ఉండడం ఇక్కడ కలిసొస్తుంది. కొండ అడ్డం లేదు కాబట్టి దూరంతోపాటు లోహం తగ్గే తీరు సాఫీగా రావాలి. ఎక్కడైనా మధ్యలో మళ్లీ లేచిందంటే అక్కడ రెండో మూలం ఏదో ఉంది. పోలిక చోట్లు ఒక్కటి కాదు, రెండు ఉండాలి: ఒకటి ఉప్పుగాలి తగిలే తీరంలో, ఇంకొకటి లోపల రోడ్లకి దూరంగా ఉన్న లంకలో. తీరపు ఊరిని లోపలి లంకతో పోలిస్తే సముద్రాన్ని కూడా కాలుష్యంగా లెక్కకట్టినట్టవుతుంది.

ఎప్పుడు వేలాడదీయాలన్నది మన క్యాలెండరే చెబుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు వదులు లోహాల్ని కడిగేస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. పైగా దీపావళి మందుగుండులో బేరియం, స్ట్రాన్షియం, ఆంటిమొనీ, రాగి ఉంటాయి. ఒక్క రాత్రి పొగ ఆరువారాల లెక్కని తారుమారు చేయగలదు. తర్వాత సార్వా కోతలు, గడ్డి తగలబెట్టడం. జనవరి మధ్యలో భోగి మంటలు, వాటిలో టైర్లు కూడా పడతాయి. భోగి వెళ్లి ఓ వారం గడిచాక పెట్టి, ఉగాదికి ముందు దించేయడం నా లెక్క ప్రకారం అన్నిటికంటే మంచి అదను. వాన దాదాపు ఉండదు, ఫిబ్రవరి మంచు నాచుని రాత్రిపూట తడుపుతుంది. ఆ తడి లేకపోతే పొడి సంచిలో పడ్డ దుమ్ము గాలికి మళ్లీ లేచిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. మూడు నెలలు వదిలేస్తే ఎక్కువ వస్తుందనుకోవడం పొరపాటు, నాచు రాలిపోతుంది, పీచు మాత్రం మిగులుతుంది.

దించిన సంచుల్ని ల్యాబుకి పంపే ముందు ఒక పని ఉంది, దాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. చిటికెడు నాచుని గాజు పలక మీద పెట్టి, కాలేజీ ల్యాబులో ఉండే మామూలు సూక్ష్మదర్శినిలో 400 రెట్లు పెద్దది చేసి చూడాలి. ఊక బాయిలర్ల బూడిద దగ్గర దీని విలువ తెలుస్తుంది. వరి ఊక కాలితే అయిదో వంతు బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్లు సిలికా. ల్యాబులో నాచుని కరిగించే నైట్రిక్ ఆమ్లం సిలికాని ముట్టుకోదు. అంటే మిల్లుల ఊళ్లలో జనం రోజూ తిట్టుకునే నుసి, లోహాల రిపోర్టులో అసలు కనిపించదు. రిపోర్టు శుభ్రంగా వస్తుంది, మిల్లుకి ఏ పాపమూ అంటదు. సూక్ష్మదర్శినిలో మాత్రం ఊక పైపొర అచ్చు దిగినట్టు, వరసలు తీరిన బుడిపెల సిలికా అస్థిపంజరం ముక్కలై కనిపిస్తుంది. దాన్ని ఇంకే బూడిదతోనూ పొరబడే పని లేదు. బొగ్గు బూడిదైతే గుండ్రటి గాజు గోళీల్లా ఉంటుంది, వాటిలో కొన్ని అయస్కాంతానికి అంటుకుంటాయి.

ఇక రసాయన పరీక్ష. సంచిలోని నాచుని 40 డిగ్రీల్లోనే ఆరబెట్టాలి, అంతకు మించితే పాదరసం ఎగిరిపోతుంది. కడగకూడదు. స్టీలు మిక్సీలో పొడి చేస్తే క్రోమియం, నికెల్ మిక్సీవే వస్తాయి, అగేట్ కల్వం వాడాలి. 0.3 గ్రాముల పొడి, 8 మిల్లీలీటర్ల నైట్రిక్ ఆమ్లం, 2 మిల్లీలీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్, మూసిన గిన్నెల్లో మైక్రోవేవ్ వేడి, తర్వాత లోహాల్ని వాటి ద్రవ్యరాశిని బట్టి లెక్కించే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద కొలత. ప్రతి దఫాలోనూ నాచు లేని ఖాళీ గిన్నె ఒకటి, లోహాల విలువలు ముందే తెలిసిన ప్రామాణిక నాచు ఒకటి ఉండాలి; ఫిన్లండ్ నాచుతో చేసిన ఎం2, ఎం3 అనే ప్రమాణాలు ఇందుకే ఉన్నాయి. తీరపు నమూనాల్లో ఆర్సెనిక్ దగ్గర ప్రత్యేకంగా ఆగి చూడాలి. యంత్రంలోని ఆర్గాన్, ఉప్పులోని క్లోరిన్ కలిసి 75 ద్రవ్యరాశి దగ్గర కనిపిస్తాయి, ఆర్సెనిక్ కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. ఈ కలగలుపుని తొలగించే, హీలియం నింపిన సెల్‌తో కొలవమని ల్యాబుకి ముందే రాసివ్వకపోతే అంతర్వేది గాలిలో లేని ఆర్సెనిక్ పుట్టుకొస్తుంది.

వేలాడదీయని పన్నెండు సంచుల విలువలు ఇక్కడ అక్కరకొస్తాయి. వాటి సగటుకి, వాటి ప్రామాణిక విచలనాన్ని 1.96తో హెచ్చవేసి కలిపితే ఒక గీత వస్తుంది. ఆ గీత దాటనిది గాలిలోంచి వచ్చిందని అనకూడదు. దాటినవాటిలోంచి ఆ పన్నెండు సంచుల సగటుని తీసేస్తే మిగిలేది చేరిక. ఇక మీదట లెక్కలన్నీ ఆ చేరిక మీదే.

ఇప్పుడు మట్టి. నాచులో దొరికిన లోహంలో ఎంత పొలం దుమ్ముది, ఎంత మనిషి పనిది అని విడదీయడానికి అందరూ వాడే లెక్క ఒకటుంది: నాచులో ఆ లోహానికీ అల్యూమినియానికీ ఉన్న నిష్పత్తిని, మట్టిలో అదే నిష్పత్తితో భాగించడం. ఒకటి దగ్గర వస్తే మట్టి; పదికి పైన వస్తే కచ్చితంగా ఇంకేదో. ఈ మట్టి స్థానంలో చాలా వ్యాసాలు ప్రపంచ సగటు భూపటలం అంకెలు పెట్టేస్తాయి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి దక్కన్ నల్లరాయి మీదుగా వస్తుంది. మన ఒండ్రులో ఆ రాతి పొడి ఉంది. ఆ రాతిలో వనాడియం పది లక్షల పాళ్లకి 300 పైన, ప్రపంచ సగటు 97. రాగి, ఇనుము, టైటానియం కూడా ఆ రాతిలో ఎక్కువే.

ఊహించిన అంకెలతో చూద్దాం. నాచులో చేరిక పది లక్షల పాళ్లకి అల్యూమినియం 800, వనాడియం 3.2 అనుకోండి. నిష్పత్తి 0.004. ప్రపంచ సగటు భూపటలంలో నిష్పత్తి సుమారు 0.00119. భాగిస్తే 3.4 వస్తుంది, అంటే ఓడల నూనె పొగో, బాయిలర్ నూనె పొగో కలిసిందని రాసేస్తారు. అదే చోటి మట్టిలో అల్యూమినియం 70,000, వనాడియం 200 ఉంటే నిష్పత్తి 0.0029, భాగిస్తే 1.4. అది పొలం దుమ్ము. నాచు ఒకటే, ల్యాబు ఒకటే. మట్టి అంకె మార్చగానే కాకినాడ ఓడలు దోషులవుతాయి, కాకుండా పోతాయి. ఇంత తేడా ఉన్న అంకెని పుస్తకంలోంచి ఎత్తి రాయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది, నింద పడ్డవాళ్లకీ, నిజంగా పొగ పీలుస్తున్నవాళ్లకీ కూడా.

అందుకని సంచులు పెట్టే రోజే మట్టి కూడా తీయాలి. పై సెంటీమీటరు మందం, 63 మైక్రాన్ల జల్లెడలో దిగేది మాత్రమే, ఎందుకంటే గాలికి లేచేది అదే. ఒక్క రకం చాలదు: లంక ఒండ్రు, చెరువు గట్ల నల్లమట్టి, తీరపు ఇసుక, మెట్ట నుంచి తెచ్చి రోడ్లకీ గట్లకీ పోసే ఎర్ర గ్రావెల్. గ్రావెల్‌ని మర్చిపోతే రోడ్డు పక్క సంచుల్లో ఇనుము ఎందుకు పెరిగిందో అర్థం కాదు. ఈ మట్టిని కూడా నాచుని కరిగించిన ఆమ్లంతోనే, అంతే వేడితో కరిగించాలి. నైట్రిక్ ఆమ్లం మట్టిలోని అల్యూమినియాన్ని సగమే లాగుతుంది అనుకుంటే, నాచు మీది దుమ్ములోనూ ఇంచుమించు అంతే లాగుతుంది. రెండు వైపులా ఒకే లోటు ఉంటే నిష్పత్తి నిలుస్తుంది. అల్యూమినియం బదులు టైటానియం వాడదామనేవాళ్లుంటారు. గోదావరి కలిసే తీరం వెంబడి నల్ల ఇసుకలో ఇల్మెనైట్ ఉంది, అది టైటానియం ఖనిజమే. తీరంలో ఆ లెక్క పనికిరాదు.

మట్టి వాటా తీసేశాకే మూలాల వేట. ఇక్కడ నా సలహా ఒక్క లోహాన్ని ఎప్పుడూ నమ్మొద్దని. రాగి బ్రేకుల్లోంచి వస్తుంది, బోర్డో మిశ్రమంలోంచి వస్తుంది, చెరువుల్లో పాచి చావడానికి చల్లే మైలుతుత్తంలోంచీ వస్తుంది. రాగితోపాటు ఆంటిమొనీ కూడా లేస్తే బ్రేకులు. రాగి ఒక్కటే లేస్తే తోటో చెరువో. జింకు టైర్లది కావచ్చు, రేకులది కావచ్చు, వరికి వేసే జింకు సల్ఫేటుది కావచ్చు. వనాడియం, నికెల్ జంట ఒకప్పుడు ఓడల నూనెకి మంచి గుర్తు. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం 0.5 శాతం దాటకూడదన్న అంతర్జాతీయ నియమం వచ్చాక ఆ నూనెలో వనాడియం బాగా తగ్గింది. పాత వ్యాసాల నిష్పత్తులతో నేటి ఓడల్ని వెతకడం దండగ. సీసానికి మాత్రం ఇంకో దారి ఉంది: 206, 207 ఐసోటోపుల (బరువులో మాత్రం తేడా ఉన్న సీసపు పరమాణువుల) నిష్పత్తి గని గనికీ మారుతుంది. సీసం పెట్రోలు దేశమంతా 2000లో ఆగిపోయింది, కానీ అప్పటి సీసం రోడ్డు పక్క మట్టిలో ఇంకా ఉంది. పాత బ్యాటరీలు కరిగించే పొయ్యిని, పాత రోడ్డు మట్టిని విడదీయడానికి ఈ నిష్పత్తి ఉపయోగపడుతుంది. వాటి నమూనాలు కూడా తీసి పక్కన పెట్టి పోల్చాలి, లేకపోతే నిష్పత్తి ఒక్కటే ఏమీ చెప్పదు.

నాచు చెప్పలేనివి కూడా చెప్పాలి. దాళ్వా, సార్వా గడ్డి పొగకి గుర్తు పొటాషియం అంటారు. నాచులో పొటాషియం నిలవదు, తడిసి ఆరినప్పుడల్లా కారిపోతుంది. కోళ్ల ఫారాల, ఎరువుల అమ్మోనియాకి చచ్చిన నాచు పనికిరాదు, బతికున్న నాచులో నత్రజని, దాని ఐసోటోపులు చూడాలి. గ్యాసు మంటల్లో లోహం తక్కువ. మసితో వచ్చే పీఏహెచ్‌లని (ఇంధనం సరిగా కాలనప్పుడు పుట్టే కర్బన సమ్మేళనాల్ని) నాచులో కొలవవచ్చు గానీ అది వేరే పరీక్ష, ఆ సంచుల్ని అల్యూమినియం రేకులో చుట్టి చల్లగా తేవాలి. ఒకే సంచితో రెండు పనులూ చేద్దామనుకుంటే రెండూ చెడతాయి.

నాచులోని అంకెని ఘనపు మీటరు గాలిలో ఇంత అని మార్చడానికి నమ్మదగిన సూత్రం లేదు. 2009 నాటి మన జాతీయ ప్రమాణాల్లో ఏడాది సగటు సీసం 0.5 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 6 నానోగ్రాములు, నికెల్ 20 నానోగ్రాములు. వీటి పక్కన నాచు అంకెలు పెట్టి దాటింది, దాటలేదు అనడం తప్పు. ఆ పన్నెండు కాలుష్యాల్లో కాడ్మియం అసలు లేదు కూడా. పోర్ట్‌లండ్‌ని కదిలించిన లోహం ఇక్కడ బయటపడితే, పోల్చుకోవడానికి యూరప్ లక్ష్యమైన 5 నానోగ్రాములే దిక్కు. ఈ లోటుని కాలుష్య నియంత్రణ యంత్రాంగం పూడ్చాలని గట్టిగా అడగాల్సిందే.

అంకెలు వచ్చిన వెంటనే ఫలానా వారి పొగ అని పటం మీద పేరు రాయొద్దు. గాలివాలున లేచి, ఎదురు దిక్కున లేవకుండా, దూరంతో తగ్గుతూ, కనీసం రెండు లోహాలు జంటగా ఉంటే ఆ చోటుని అనుమానాల జాబితాలో మొదటి మూడింటిలో పెట్టి, అక్కడ ధూళి శాంప్లరు (గాలిలోని ధూళిని పట్టి కొలిచే యంత్రం) పెట్టమని అడగాలి. వినతిపత్రంతోపాటు పోలిక సంచుల విలువలు, ఖాళీ గిన్నె విలువలు, మట్టి విలువలు జతచేయాలి. ఎదుటివాళ్ల నిపుణుడు మొదట అడిగేవి అవే.

పరీక్షకి 0.3 గ్రాములే పోతుంది కాబట్టి ప్రతి చోటా నాచు మిగులుతుంది. దాన్ని పారేయకుండా ఆరబెట్టి, చోటు, తేదీ పెన్సిల్‌తో రాసిన కాగితపు కవర్లలో పెట్టి, తేమ తగలని డబ్బాలో దాచాలి. మట్టిని కూడా అంతే. శాంప్లరు వచ్చాక సీసం ఐసోటోపులో, ఇంకో లోహమో చూడాలని ఎవరైనా అడిగితే, ఆ ఫిబ్రవరి గాలి మళ్లీ దొరికేది ఆ డబ్బాలోనే.